ఎనిమిది కుర్చీల బల్ల

ప్రియమైన అక్కకి,

ఫోన్లో నీ గొంతు వింటే నాకు మాట పెగలదు, అందుకే రాస్తున్నాను. విసుక్కోకుండా చదువు.

భోజనాల గదికి రంగు వేశాను. నేనే, నిచ్చెనెక్కి. లేత పసుపు. జుట్టుకంటిన మరకలు ఇంకా వదల్లేదు. నా పాత నీలం చీర చింపి కిటికీలకి కర్టెన్లు కుట్టాను. ఇదంతా ఎవరికోసమని అడుగుతావు కదూ? ఏమోనే. ఆయన పోయాక ఈ పొలం మధ్య ఇంట్లో నోరు విప్పే పనే లేకుండా రోజులు గడిచిపోతున్నాయి. నిన్న ఊడుస్తూ చీపురుతో మాట్లాడాను. పిచ్చెక్కుతుందేమోనని భయంగా ఉంది.

ఆ బల్ల గుర్తుందా? ఇక్కడికి వచ్చిన కొత్తలో ఆయన ఆ గదిలోనే కూర్చుని చేశారు. ఎంత పెద్దదంటే ఏ గుమ్మంలోంచీ బయటికి పోదు. ఎనిమిది కుర్చీలు. "మనిద్దరికీ ఇంత బల్లేంటి, పెళ్ళి భోజనాలు పెడతారా?" అన్నాను. "లెక్క చూసుకునే చేస్తున్నాలే" అని నవ్వారు. ఒక కాలు సరిచేయకుండానే వెళ్ళిపోయారు. మోచెయ్యి ఆనిస్తే చాలు, ఊగుతుంది.

పాలు పోసే ఆవిడతో ధైర్యం చేసి చెప్పాను, ఆదివారం మధ్యాహ్నం భోజనానికి రమ్మని, చుట్టుపక్కల వాళ్ళనీ వెంటబెట్టుకు రమ్మని. సరేనని తలూపింది. ఒకటే బాధ. ఆ గదికి పెరటి వైపు తలుపుంది కదా, ఆ రోజు ఆయన్ని భోజనానికి పిలిచింది అక్కడ నిలబడే. కట్టెల పక్కన పడిపోయి ఉన్నారు, పలకలేదు. ఆ తలుపు కళ్ళబడితే నాకు ముద్ద దిగదు. ఏం చెయ్యను? ఫర్నిచర్ షాపులో రోజూ గదులు సర్దేదానివి, నువ్వే చెప్పు.

నీ పిచ్చుక

*

పిచ్చుకా,

నిచ్చెనెక్కావా? పట్టుకునే మనిషి లేకుండా? పడి నడుం విరిగితే ఎవరు చూస్తారే నిన్ను? చదవగానే ఒళ్ళు మండింది. తర్వాత వంటింట్లోకి పోయి ఏడ్చాననుకో, అది వేరే సంగతి.

తలుపుదేముంది, తేలికే. మీ పడగ్గదిలో నిలువెత్తు చెక్క బీరువా ఉంది కదా, దాన్ని ఈడ్చుకొచ్చి ఆ తలుపుకి అడ్డంగా పెట్టెయ్. కంచాలూ గ్లాసులూ అందులో సర్దు. షాపులో గోడ బాగోకపోతే మేం చేసే పని అదే. వెనక తలుపుందన్న సంగతే ఎవరికీ తెలీదు. వచ్చేవాళ్ళు ఎలాగూ ముందు గుమ్మంలోంచే వస్తారు, అక్కడ రెండు పూలకుండీలు పెట్టు. బీరువా జరపడానికి తను రావాలా అని మీ బావ అడుగుతున్నారు. ఆయన నడుం సంగతి నీకు తెలుసుగా, వస్తే ఆయన్నీ నువ్వే జరపాలి.

ఆదివారం ఏమైందో వెంటనే రాయి. ముందు నువ్వు తిన్నావో లేదో రాయి.

చీవాట్లు పెట్టే హక్కున్న
నీ అక్క

*

ప్రియమైన అక్కా,

ఎవరూ రాలేదు.

బీరువా నువ్వు చెప్పినట్టే పెట్టాను. గది ఎంత బాగుందనుకున్నావ్! కూరలు నాలుగు రకాలు చేశాను, కంచాలు బల్ల మీద వరసగా పెట్టాను. ముందు గుమ్మం బార్లా తీసి కుండీల పక్కన కూర్చున్నాను. వాన మొదలైంది. రేకుల మీద ఆ మోతకి నా ఏడుపు నాకే వినపడలేదు. సాయంత్రానికి వండిందంతా కుక్కలకి పెట్టాను.

సరే, వానకి ఆగిపోయారేమోనని పైవారం మళ్ళీ వండాను. సిగ్గు లేదనుకో. అప్పుడూ అంతే. పైగా ఎలుకలొకటి! ఆ బీరువా వెనకాల ఒకటే దడదడ, లోపల గ్లాసులు గలగలమంటున్నాయి. మనుషులు రారుగానీ నా వంట వాసనకి ఎలుకలొచ్చాయి చూడు. ఒళ్ళు తెలియని కోపం వచ్చింది. చీపురు తిరగేసి బీరువాని బాదేశాను. "ఛీ, పోండి! నా కొంపకి రావద్దు!" అని గొంతు చించుకున్నాను. అప్పటికి ఊరుకున్నాయి.

పాలావిడ ఇప్పుడు గేటు దగ్గరే చెంబు పెట్టేసి, మొహం తిప్పుకుని పోతోంది. ఎందుకు రాలేదని అడగడానికి నాకు నోరు రాలేదు. నేనేం పాపం చేశానే? ఈ గదిలోంచి ఎవర్ని పిలిచినా రారా? ఆయనా రాలేదు, వీళ్ళూ రాలేదు. నిలబడే తింటున్నాను, గిన్నెలోంచే. ఆ బల్ల ముందు ఒక్కదాన్నే కూర్చోలేను. నా వల్ల కావడం లేదక్కా.

పిచ్చుక

*

నా బంగారు తల్లీ,

చాలు. వచ్చెయ్. మా రెండు గదుల్లో ఇరుక్కుని పడుందాం, నేను అన్నం కలిపి పెడతాను, తిందువుగాని. మనిషిని మనిషిగా చూడనివాళ్ళ మధ్య నీకేం పని?

బల్ల ఆయన గుర్తని నాకూ తెలుసు. బయటికి రాకపోతే ఏం చేస్తాం, అక్కడ ఎవరైనా వడ్రంగి ఉంటే పిలిపించి రెండుగా కోయించు. సగమైనా తెచ్చుకో, ఇక్కడ గోడవారగా వేసుకుందాం. ఈ మాట నేనే రెండుసార్లు రాసి కొట్టేశాను, నువ్వెలా కోయిస్తావో ఏమో. కోస్తుంటే మాత్రం ఆ గదిలో ఉండకు.

నీ అక్క

*

అక్కా,

గురువారం వడ్రంగి రంపం పట్టుకుని వస్తానని కబురు చేశాడు. ఆ పొద్దున్నే బల్లని తడిగుడ్డతో తుడిచాను, శవానికి స్నానం చేయించినట్టు. ఇంతలో బీరువా వెనక మళ్ళీ దడదడ! ఇవాళ కూడానా అని చీపురందుకుని బాదాను. "పోండి, పోండి!" అని అరిచాను.

కాసేపటికి ఇల్లు చుట్టి ముందు గుమ్మంలోకి వచ్చాడు వడ్రంగి. పెద్దాయన, మొహం కందగడ్డలా ఉంది.

"ఏంటమ్మా ఇది? పిలిచేదీ మీరే, పొమ్మనేదీ మీరేనా?"

"మిమ్మల్ని కాదండీ, ఎలుకల్ని."

ఆయన బీరువా వంక చూశాడు, నా చేతిలో చీపురు వంక చూశాడు. "ఎలుకేంటమ్మా, తలుపు కొట్టింది నేను. ఆ ఆదివారాలు కొట్టింది కూడా మేమే. మొదటిసారి వానకి మీకు వినపడలేదేమోనని పైవారం మళ్ళీ వచ్చాం."

నేను చీపురు కింద పడేశాను. వీళ్ళ పొలాలన్నీ మన పెరటి వెనకే ఉన్నాయట. ముందు గుమ్మం దారి పాలావిడకి తప్ప వీళ్ళెవరికీ అలవాటు లేదు, ఆ ఆదివారాలు ఆవిడా వీళ్ళ వెంట పెరట్లోంచే వచ్చిందట. బల్లకి చెక్క కోసిచ్చింది ఈయనేనట. "ఇది మీకోసమే చేస్తున్నాను, మా ఆవిడకి ఇక్కడ తోడు కావాలి. పెరటి తలుపు ఎప్పుడూ తీసే ఉంటుంది, తోసుకుని వచ్చెయ్యండి" అని ఇంటింటికీ చెప్పారట మీ మరిది. నాకు ఒక్క ముక్క చెప్పలేదు చూడు! ఆ రోజు ఆయన్ని మోసింది కూడా వీళ్ళే. నాకు మొహాలు గుర్తు లేవు.

ఇద్దరం కలిసి బీరువా జరిపాం. తలుపు తీస్తే పంచలో మూతపెట్టిన గిన్నెలు, కూరగాయల బుట్ట, వాడిపోయిన పూలు. వాళ్ళు నాకోసం తెచ్చినవి. నేను తరిమితే అక్కడ పెట్టి పోయినవి. అన్నీ పాడైపోయాయి. అవి చూసి ఏడ్చిన ఏడుపు ఆయన పోయినప్పుడు కూడా ఏడవలేదే.

రంపం ఊరికే పోలేదు. ఊగే కాలికి ఒక చెక్కముక్క కోసి బిగించాడు. వెళ్తూ వెళ్తూ అందరికీ ఎలుకల కథ చెప్పినట్టున్నాడు, ఆదివారం పెరట్లోంచి నవ్వులు ముందొచ్చాయి, తర్వాత మనుషులొచ్చారు. వడ్రంగి, ఆయన భార్య, పాలావిడ, వాళ్ళాయన, బడి టీచరు, ట్రాక్టరు నడిపే తాత. నాతో కలిపి ఏడుగురం. ఎనిమిదో కుర్చీ ఎవరిదో అందరికీ తెలుసు. ఆయన లెక్క తప్పలేదు. నేను కంచం ముందు కూర్చుని వెక్కుతుంటే పాలావిడ నా వీపు మీద చెయ్యి వేసి, "ఏడవండి, కానీ తింటూ ఏడవండి" అంది. అలాగే తిన్నాను. కడుపునిండా.

నువ్వూ బావా రండి. కుండీలున్న గుమ్మం వైపు రావద్దు. పెరట్లోంచి రండి, తలుపు తట్టకండి, తోసుకుని వచ్చెయ్యండి.

తిని కూర్చున్న
నీ పిచ్చుక