కృష్ణుడు అన్న చోట ఖాళీ

నాన్నా, కృష్ణుడి వేషంలో ఉండి నువ్వు దణ్ణం పెట్టావు.

హైదరాబాదు ఫంక్షన్ హాలు గుమ్మంలో కిరీటం పెట్టుకొని, పన్నీరు బుడ్డి పట్టుకొని, కారు దిగిన ప్రతివాళ్ళకీ వంగి వంగి పెట్టావు. ఒకడు నీ భుజమ్మీద చెయ్యేసి "ఏం కృష్ణా, భోజనాలు ఎటు?" అన్నాడు. నువ్వు నవ్వి పిల్లనగ్రోవితో దారి చూపించావు. ఆ వీడియో మా ఫ్లెక్సీ షాపుకే వచ్చింది, పెళ్ళి బేనరు కొట్టించుకోను వచ్చినాయన ఫోనులో. మిషన్ మీద ఉండే సందీప్ చూసి "అక్కా, అచ్చం మీ నాన్నలాగే ఉన్నాడే" అన్నాడు. "కాదు" అన్నా. అన్నాక కళ్ళలో నీళ్ళు తిరిగినయ్.

వేషం కట్టినాక ఎవరికీ దణ్ణం పెట్టకూడదని నాకు చెప్పింది ఎవరు? నువ్వు కిరీటం కళ్ళకద్దుకొని తలకి పెట్టుకోగానే నాయనమ్మ కూడా లేచి నిలబడేది. ఎమ్మెల్యే వచ్చినా నువ్వు తల వంచలా. "ఇప్పుడు నేను కోటయ్యని కాదమ్మా" అనేవాడివి. మరి ఆ గుమ్మంలో ఎవరివి?

ఫోను చేస్తే డ్యూటీ అంటావు. మెసేజ్ పెడితే చూసి ఊరుకుంటావు. అందుకే కాగితం. కాగితమైతే నీ అలవాటు కొద్దీ పైకి చదువుతావు, నీ చెవిలో పడుద్ది.

రామాంజి బాబాయి చేత పంపిన చీటీలో ఇంటి సంగతులు అడిగావుగా, చెప్తా. అమ్మ మోకాళ్ళు అట్టానే ఉండయ్. మెట్లెక్కేటప్పుడు తిట్టుద్ది, మెట్లనో నిన్నో తెలవదు. నువ్వు కిరీటం ఒక్కటే పట్టుకుపోయావుగా, ట్రంకుపెట్టెలో మిగిలిన వేషం బట్టలు ఎండబెట్టా. జరీ నల్లబడింది, గుడ్డ చిరగలా. ద్రౌపది వేసే సీతమ్మత్త మిరపకాయల కోతకి పోతంది. మన దుర్యోధనుడు ఆటో తోలుతున్నాడు, బేరం కుదరకపోతే ఇంకా అదే గొంతు. నవ్వొస్తది, నవ్వలేం.

నరసరావుపేటలో మనకి తెరలూ సెట్టింగులూ అద్దెకిచ్చే కొట్టు తీసేశారు. ఇప్పుడక్కడ సెల్ కవర్లు అమ్ముతున్నారు. ఒక్క ఎండాకాలం తిరునాళ్ళు ఆగితే తట్టుకునేవాళ్ళమే. కరోనా రెండు మింగింది. మళ్ళీ ఊళ్ళు స్టేజీలు కట్టేసరికి మనోళ్ళు తలో దిక్కు అయిపోయారు, ఆర్కెస్ట్రావాళ్ళు ఎక్కారు. వాళ్ళ ఫ్లెక్సీలు డిజైన్ చేసేది నేనే. చూసి చూసి పట్టుకున్న పని, కూర్చోబెట్టి ఎవరూ నేర్పలా. వాళ్ళు చెడ్డోళ్ళేం కాదు, వాళ్ళకీ ఆకలుంది. కానీ ఒక్కో బొమ్మ అతికించేటప్పుడు, ఇక్కడ మా నాన్న ఉండాల్సింది అనిపిస్తది. నువ్వు బస్సెక్కిన రోజు అందరూ "పాపం" అన్నారు. ఒక్క ఊరన్నా నాటకం పెట్టిస్తాం, ఆగు అనలా. నా కోపం నీ ఒక్కడి మీదే కాదు నాన్నా.

అసలు సంగతి ఇది. పోయిన ఆదివారం రాజుపాలెం తిరునాళ్ళ కమిటీ నాగేశ్వరరావు గారు ఇంటికొచ్చారు.

"కోటయ్య ఏడమ్మా? ఈసారి నాటకం పెడదామనుకున్నాం. డాన్సులు మొదలెట్టగానే పెద్దోళ్ళంతా లేచి ఇళ్ళకి పోతున్నారు."

"హైదరాబాదులో ఉన్నాడండీ."

"అట్టయితే ఆర్కెస్ట్రాకే చెప్పేస్తాంలే" అని తెచ్చిన తాంబూలం పళ్ళెం వెనక్కి తీసుకోబోయారు.

అమ్మ తల వంచుకుంది. నేను చేతులు చాపా. తాంబూలం పుచ్చుకున్నా నాన్నా. పుచ్చుకొని ఆడకపోతే మళ్ళీ ఆ ఊరి పొలిమేర తొక్కకూడదన్నది నీ మాటే. తెలిసే పుచ్చుకున్నా. సీతమ్మత్త వస్తానంది. దుర్యోధనుడు ఆ రోజుకి ఆటో ఇంటి దగ్గర పెట్టేస్తానన్నాడు.

ఇంకోటుంది, నీకు చెప్పలా. నువ్వు పోయిన కాణ్ణించి షాపు కట్టేశాక హార్మోనీ జబ్బార్ మామ దగ్గర నీ పద్యాలు పాడుతున్నా. మొదట్లో "నీ గొంతుకి శ్రుతి మార్చాలంట, ఈ వయసులో నా పెట్టెకి పరీక్ష" అని సణిగాడు. మొన్న రాయబారం పద్యం అయ్యాక హార్మోనీ మెట్ల మీంచి చెయ్యి తియ్యకుండా "వన్స్ మోర్" అన్నాడు. "మీ నాయన ఇక్కడుండి వినాల్సింది" అన్నాడు. రెండోసారి ఎత్తుకున్నా గానీ పాడలేకపోయా. నీ వేషం లాక్కుందామని కాదు. ఆ చోటు ఖాళీగా ఉంటే చూడలేక.

నువ్వు రా. రాలేకపోతే కిరీటం పంపు. అది ఇంకోసారి ఆ గుమ్మంలో వంగకూడదు.

రాజుపాలెం ఫ్లెక్సీ తయారుచేశా. సీతమ్మత్త పేరు వేశా, జబ్బార్ మామ పేరు వేశా. కృష్ణుడు అన్న చోట ఖాళీ. గురువారం సాయంత్రం మిషన్ ఎక్కిస్తాం. ఆలోపు ఫోను చేసి నీ నోటితో చెప్పు, ఆ ఖాళీలో ఎవరి పేరు వెయ్యాలో. నీదా, నాదా?

ఇట్లు,
"కాదు" అన్న నోటితోనే నాన్నా అని పిలుస్తున్న
నీ కూతురు
ఇంద్రజ