నేను దులిపిన కాగితాలు

అమ్మకి,

దండాలు. నేనూ నానమ్మా బాగున్నాం. మీ అత్తగారు రోజుకి రెండుసార్లు నిన్ను తిడుతోంది, కాబట్టి ఆరోగ్యంగా ఉన్నట్టే. నువ్వూ చెల్లీ మామయ్య ఇంట్లో బాగున్నారనుకుంటున్నా.

ఫోన్ చేస్తే ఎత్తవేంట్రా అని అడిగావు. ఎత్తగానే నువ్వు "ఊఁ, చెప్పు" అంటావు. నాకు అక్కడే మాట ఆగిపోతుంది. రాస్తే ఆగదు. అందుకే ఇంత పొడుగు మెసేజ్. తప్పులుంటే సర్దుకో, ఐదుతో బడి మానేసినోణ్ణి కదా.

నానమ్మ మాత్రలు వేసుకుంటోందా అన్నావు. నేను చూస్తుంటే వేసుకుంటుంది. చూడకపోతే దిండు కింద పెడుతుంది. నిన్న మూడు దొరికాయి. ఏంటివి అంటే "దాచుకున్నాన్రా, రేపు దొరక్కపోతే?" అంది. కిటికీలకి తడి గుడ్డ కట్టావా అన్నావు. కట్టా. పొద్దున్నే పిండితే వచ్చేదంతా బురద.

చెల్లికి ఆయాసం తగ్గి వీధి చివరిదాకా పరిగెత్తిందని రాశావు. ఆ ముక్క ఎన్నిసార్లు చదివానో.

ఇక నువ్వు అసలు అడిగిన సంగతి. మన వీధిలో గాలి బాగుందని రోడ్డు కంపెనీ రిపోర్టు ఇచ్చిందట, మామయ్య చూపించాడట, ఆదివారం చెల్లిని తీసుకుని వచ్చేస్తానన్నావు. రావద్దమ్మా. ఆ రిపోర్టు తప్పు. తారు ప్లాంటు పొగ అలాగే ఉంది, టిప్పర్లు అలాగే తిరుగుతున్నాయి.

రిపోర్టు ఎందుకు తప్పో నాకే తెలుసు. చెప్తా, కోప్పడకుండా చదువు.

రోడ్డు రెండో విడతకి పర్మిషన్ కావాలంటే ముందు గాలి కొలిచి చూపించాలి. నువ్వు వెళ్ళాక దానికోసం కంపెనీ మిషన్ సార్ మన మేడ మీద గాలి పీల్చే మిషన్ పెట్టాడనీ, అందులో రోజూ తెల్ల కాగితం మార్చడం నా పని అనీ చెప్పా కదా. ఒకటి చెప్పలేదు. పొద్దున పెట్టిన కాగితం మర్నాటికి నల్లగా అయ్యేది. మెకానిక్ షెడ్డులో బైకు ఫిల్టర్ విప్పితే ఏం చేస్తా? దులిపి, గాలి కొట్టి ఇస్తా. దుమ్ముతో ఇస్తే షెడ్డు అన్న నెత్తిన మొట్టికాయ వేస్తాడు. ఇదీ ఫిల్టరే అనుకున్నా. రోజూ ఆ కాగితాన్ని మెత్తటి బ్రష్షుతో దులిపి, ఊది, కవర్లో పెట్టి, పైన సంతకం చేసి మిషన్ సార్‌కి ఇచ్చా. నెల రోజులమ్మా. ఒకరోజు ఆయన చూశాడు కూడా. "శుభ్రమైన కుర్రాడివిరా, అలాగే కానీ" అన్నాడు. నేను మురిసిపోయా.

రిపోర్టు వచ్చాక, ఇంత దుమ్ములో గాలి బాగుందని ఎలా వచ్చింది సార్ అని అడిగా. "కాగితాన్ని ముందోసారి, తర్వాతోసారి తూస్తార్రా. పెరిగిన బరువే దుమ్ము" అన్నాడు, నవ్వుతూ. లెక్కంతా నేనే ఊదేశా.

కాగితాలు ఇంకో మూడు మిగిలాయి. మూడు రోజులు మిషన్‌లో పెట్టా, ఈసారి దులపలేదు. టిఫిన్ డబ్బాలో దాచి, మొన్న బడి హాల్లో జరిగిన సభకి తీసుకెళ్ళా. రెండో విడత మీద జనం ఏమంటారో వినే సభ అది.

అధికారి మేడమ్ "ఎవరికైనా అభ్యంతరాలున్నాయా?" అంది. నానమ్మ నా డొక్కలో పొడిచింది. లేచా. మైకిచ్చారు. నోటి దగ్గర పెట్టుకుని నిలబడ్డా. వెనకనుంచి ఎవరో "ఒరేయ్, ముందు మైకు ఆన్ చెయ్యి" అంటే అందరూ ఒకటే నవ్వు. ఫోన్ తీసి, రాసుకున్నది తలెత్తకుండా చదివేశా. డబ్బా మూత తీసి చూపించా.

కంపెనీ మేనేజర్ లేచాడు. "మెకానిక్ షెడ్డు కుర్రాడు మేడమ్. సైలెన్సర్ మసి పూసి తెచ్చుంటాడు."

ఈసారి ఫోన్ చూడలేదమ్మా. "మిషన్ మా మేడ మీదే ఉంది సార్. కాగితం మీరే పెట్టండి, తాళం వెయ్యండి, మెట్ల మీద మీ మనిషిని కూర్చోబెట్టండి. రేపు మీ చేత్తోనే తియ్యండి" అన్నా.

"టీ నేను పెట్టిస్తాలే, రా నాయనా" అంది నానమ్మ, మైకు లేకుండానే హాలంతా వినబడేట్టు.

"కవర్ల మీద సంతకాలు నీవి. కేసైతే నీ మీదే అవుతుంది, తెలుసా?" అన్నాడు మేనేజర్.

"అవనివ్వండి. దులిపింది నేనే. చూసి అలాగే కానీ అన్నది మీ మిషన్ సార్. రెండూ రాసుకోండి."

"రాసిస్తావా బాబూ? తర్వాత వెనక్కి తీసుకోమని ఒత్తిడి చేస్తారు, ఆలోచించుకో" అంది మేడమ్. రాసిచ్చా. ఏడు లైన్లకి అరగంట పట్టింది. ఆవిడ మొత్తం చదివి, రిపోర్టు పక్కన పెట్టేసింది. మళ్ళీ నెల రోజులు కొలవాలట. అప్పటిదాకా పర్మిషన్ లేదు. మిషన్‌కి ఇప్పుడు తాళం ఉంది, తాళంచెవి ఆవిడ ఆఫీసులో.

నిన్న మేనేజర్ షెడ్డుకొచ్చాడు. రాసిచ్చింది వెనక్కి తీసుకో, నీకే మంచిది అన్నాడు. తీసుకోను అన్నా. షెడ్డు అన్న నావైపు చూసి, ఆయన జీపు వైపు చూసి, "వాడు పనిలో ఉన్నాడు సార్" అన్నాడు.

తిట్టాలనుంటే తిట్టు. నానమ్మ మీద మాత్రం అరవకు, తనకీ సభ రోజు పొద్దునే చెప్పా.

ఆదివారం టికెట్ తియ్యకు. గాలి బాగుందని కంపెనీ చెప్పినా, మామయ్య చెప్పినా, ఆఖరికి నేను చెప్పినా నమ్మకు. ఆఫీసు వాళ్ళు కాగితం తీసేటప్పుడు పక్కన నిలబడి ఫోటో తీసి రోజూ పంపుతా. నువ్వే చూడు. అది తెల్లగా వచ్చిన రోజు చెల్లిని తీసుకుని బండెక్కు.

ఇట్లు,
నీ పెద్దోడు