కిటికీ అద్దం మీద రెండు ప్రింటవుట్లు

1987, మంగళవారం రాత్రి

రేవులోకి ఏ ఓడ ఎప్పుడు రావాలో చెప్పే మా కంప్యూటరు ప్రోగ్రాముకు రెండు కాపీలున్నాయి. ఒకదాన్ని నేను దిద్దాను. ఇంకోదాన్ని నాతో పనిచేసే మూర్తి సెలవు మీద వెళ్లేముందు దిద్దాడు. అతని మార్పులన్నీ నా కాపీలో కలిపేశానని పొద్దున్నే ఆఫీసరుగారికి చెప్పేశాను. రేపు దాన్నే వాడతారు.

డేటా ఎంట్రీ చేసే నరసమ్మగారికి నమ్మకం కుదరలేదు. రెండు ప్రింటవుట్లూ ఒకదాని మీద ఒకటి పెట్టి, ఎండ పడుతున్న కిటికీ అద్దానికి ఆనించింది. పైన అక్షరం మీద అక్షరం సరిగ్గా కూర్చుంది. ఒకచోట నుంచి కిందంతా అలుక్కుపోయినట్టు కనిపించింది. నేను నవ్వాను కూడా, సిగ్గులేకుండా. ఆవిడ కత్తెర తీసి నా కాగితాన్ని అక్కడ అడ్డంగా కోసి, కింది ముక్కను కొంచెం దించింది. మళ్లీ అన్నీ కుదిరిపోయాయి! మధ్య ఖాళీలోంచి మూర్తి రాసిన మూడు లైన్లు బయటపడ్డాయి. నీళ్లలో లోతుగా దిగే ఓడలు సముద్రం పోటు మీదున్నప్పుడే లోపలికి రావాలని; లేకపోతే అడుగు నేలకు తగులుతుంది.

"ఇదేటి బాబూ, నీ దాంట్లో లేదేటి?"

"మీకెలా తట్టిందండీ?"

"నాకేటి తెల్సు. రెండూ ఒకటే అన్నావు కదా, సూద్దామనిపించింది."

ప్రోగ్రాము రాయడం ఒక్క రోజు కూడా నేర్చుకోని మనిషి. నేనేమో అన్నీ నేర్చుకుని...

లైన్లు ఎక్కించేశాను. ఆఫీసరుగారితో ఆవిడ ఒక్క మాట అనలేదు. రేపు పొద్దున నేనే చెప్పాలి, ఆవిడ పేరుతో సహా. చెబుతానా?

కోసిన కాగితం ఇంటికి తెచ్చుకున్నాను. ఆ ఖాళీ అరంగుళం. అందులో ఓడ ఇరుక్కునేది.