మళ్లీ మొలుస్తాది

ఫిబ్రవరి 6, 2024
టెస్టులన్నీ అయ్యాయి. మ్యాచ్ అయిందట. అన్న ఓబుళేశుకు నా లివర్‌లో అరవై శాతం కోసి ఇవ్వాలి. తాగి చెడగొట్టుకున్నది వాడు, కోయించుకునేది నేను. డిగ్రీ చదువుతానంటే నా పుస్తకాలు పొయ్యిలో పెట్టినవాడు. అమ్మ ఏడుపు చూడలేక ఒప్పుకున్నాను. ప్రేమతో మాత్రం కాదు.

ఫిబ్రవరి 8
ఇప్పుడు అమ్మకు నా గురించి భయం పట్టుకుంది. కాలేజీలో జువాలజీ చెప్పేదాన్ని కదా, ఆమెకూ పాఠం చెప్పాను. లివర్ కోస్తే రక్తంలో గ్రోత్ ఫ్యాక్టర్లు పెరుగుతాయి, అవి మిగిలిన కణాలను లేపి, ఒక్కోదాన్ని రెండు చేస్తాయి అని. తలకెక్కలేదు. విసుగొచ్చి, మళ్లీ మొలుస్తుందిలేమ్మా అన్నాను. అప్పుడు నవ్వింది.

ఫిబ్రవరి 27, ఉదయం 5
థియేటర్‌కు తీసుకుపోతున్నారు. భయంగా ఉంది.

మార్చి 19
కల్లూరులో మా ఇంటికి వచ్చేశాను. దగ్గితే కుట్లు కలుక్కుమంటున్నాయి. అన్న ఎర్రగుంట్ల చేరాడు, అమ్మా వాడి దగ్గరే. చూడవచ్చిన వాళ్లందరికీ, మా పాపకేం గాలేదు, మళ్లీ మొలుస్తాది అని చెప్తోందట. గోర్లు తీసుకున్నట్టే అంట గదా అని వదిన ఫోన్‌లో అంది. కట్ చేశాను. మొలుస్తుందని చెప్పిన నా నోటిని తిట్టుకున్నాను.

జూన్ 11
స్కాన్. సైజు దాదాపు మామూలుకొచ్చింది. కోసిన ముక్క మాత్రం రాలేదు, రాదు. మిగిలిందే లావెక్కి మొత్తం చాకిరీ చేస్తోంది. పుట్టింట్లో నేను చేసినట్టే.

సెప్టెంబర్ 2
అన్న మళ్లీ తాగుతున్నాడు! వదిన ఏడుస్తూ చెప్పింది. అడిగితే, కొత్త ఇంజిన్ ఎక్కిచ్చినారు, లాగుతాదిలే అన్నాడట, లారీ డ్రైవరు కదా. అది నా లివర్. నా ఒంట్లో ఉన్నన్నాళ్లూ చుక్క ఎరగదు. వాణ్ణి చంపాలన్నంత కోపంగా ఉంది.

సెప్టెంబర్ 3
చెయ్యి కడుపు మీదికే పోతోంది.

ఫిబ్రవరి 18, 2025
వాడి కళ్లు పచ్చబడ్డాయి. పొట్ట ఉబ్బింది. అమ్మ పొద్దున బస్సుకు వచ్చింది. అన్నం పెడితే ముట్టలేదు. నా కుట్ల మచ్చ తడిమి చూసింది. నీది మొలిచే ఉండాది గదమ్మా, ఇంకొక్క తూరి ఇయ్యి అంది.
ఒకసారి ఇచ్చినవాళ్ల దగ్గర మళ్లీ తీసుకోరని చెప్పాను. తీసుకున్నా ఇవ్వనని అరిచాను. పక్కింటి వాళ్లు తొంగి చూశారు. చూడనీ.

ఫిబ్రవరి 19
బస్సెక్కుతూ అమ్మ అడిగింది, డెబ్బై ఏండ్ల దానికి మొలుస్తాదా అని.