ఏ తలుపూ తెరవని బంగారు తాళంచెవి

శ్రీనన్నా,

నువ్వు పోయి నేటికి ఏడాది. ఈ ఉత్తరం నిన్ను చేరదు. అయినా ఈ సంగతి నీకే చెప్పాలి.

ఈ పరాయి దేశంలో, మన బ్రాంప్టన్ లైబ్రరీలో రష్యా చక్రవర్తుల కొలువు గురించి ఒక పుస్తకం దొరికింది. వైన్ చూసుకోవడానికి ఒక పెద్ద అధికారి, గుర్రాలకొకడు, వేటకొకడు! చాంబర్లేన్ అనేవాడు నడుముకి బంగారు తాళంచెవి కట్టుకునేవాడట. మొదట్లో చక్రవర్తి గదుల్లో నిజంగా కొలువు చేసేవాడు. తర్వాత పని పోయింది, తాళంచెవి మిగిలింది. దాన్ని కట్టుకుని వాడు రోజంతా ఏం చేసేవాడో! నువ్వుంటే ఇద్దరం బ్రేకంతా ఇదే వాదించుకునేవాళ్ళం.

ఇవాళ మన పార్సిల్ షెడ్డులో సూపర్‌వైజర్ ప్రసాద్ గారు నువ్వు వేసుకునే ఆరెంజ్ సేఫ్టీ వెస్ట్ నాకిచ్చారు. "కంగ్రాట్స్ రా, ఇకనుంచి సేఫ్టీ లీడ్‌వి నువ్వే!"

"ఇది వేసుకుంటే కన్వేయర్ బెల్టు ఆపొచ్చా?"

"నన్ను అడక్కుండా ఆపితే జాబ్ పోద్ది. రిపోర్ట్ రాయి."

"బెల్టు పక్క రేకు ఊగుతోందని అన్న మూడుసార్లు రాశాడు కదండీ. చివరికి ఆ బెల్టే అన్నని లాక్కుంది."

"అవన్నీ ఇప్పుడెందుకు? వేసుకో, ఫొటో తియ్యాలి."

ఒళ్ళు మండి వెస్ట్ ఆయన చేతుల్లోనే పెట్టేసి వచ్చాను.

బెల్టు దగ్గర అదే రేకు మళ్ళీ ఊగుతోంది. దాని పక్కనే కొత్తగా చేరిన అమ్మాయి పెట్టెలు సర్దుతోంది. బెల్టు ఆపే ఎర్ర బటన్ నొక్కేశాను. బెల్టు ఆగిపోయింది.

"ఎవడ్రా ఆపింది?" అంటూ ప్రసాద్ గారు పరిగెత్తుకొచ్చారు.

"నేనే."

మెకానిక్ వచ్చి రేకు బిగించేదాకా ఒక్కరూ పెట్టె ముట్టుకోలేదన్నా.