క్యాసెట్ అట్ట మీద లేని పేరు

షార్జా,
శనివారం

ధర్పల్లిలో ఉన్న మా అక్కకు తమ్ముడు శీను దండాలు పెట్టి రాస్తున్నాను.

నువ్వు, బావ, పిల్లలు బాగున్నారని తలుస్తాను. పసుపు ఉడకబెట్టే పని అయిందా? ఆ పొగకు నీ కళ్ళు మండుతాయి, జాగ్రత్త. నేను బాగానే ఉన్నాను. గోదాములో పని, బయట ఎండ, మధ్యాహ్నం చల్లారిన అన్నం. గదిలో ఆరుగురం ఉంటాం గానీ ఎవరి ఫోను వాళ్ళదే. మొన్న జ్వరమొస్తే రెండు రోజులు ఎవరితోనూ మాట లేదు. తగ్గిపోయింది, దిగులు పడకు. బాగానే ఉన్నాను.

ఈ సంగతి ఫోన్లో చెప్పే ధైర్యం చాలక ఉత్తరం రాస్తున్నాను.

మా బ్లూస్ బ్యాండ్ నీకు గుర్తుండకుండా ఎలా ఉంటుంది! బోధన్ ఫ్యాక్టరీ క్వార్టర్లో నేను గిటార్, యూసుఫ్ మౌత్ ఆర్గాన్. వాళ్ళ మామ దుబాయి నుంచి తెచ్చిన క్యాసెట్లు విని, ఆ అమెరికా పత్తిచేల కూలీల పాటల్లో మన చెరుకు కోతవాళ్ళ ఏడుపే ఉందని ఎగిరాం. వేసింది ఒక్క క్యాసెట్. మొదటిదీ అదే, ఆఖరిదీ అదే. కొన్నవాళ్ళంతా మన చుట్టాలే.

ఇప్పుడు మా గదికి కొత్తగా వచ్చిన నిజామాబాద్ ఎలక్ట్రీషియన్ ఆరిఫ్ దాన్ని ఫోన్లో వింటున్నాడు! ఎవరో నెట్‌లో పెట్టారట.

"మా దోస్తులందరికి గిదంటే పానం అన్నా. గా గొంతు ఎక్కడ్నో దూరంకెల్లి వస్తున్నట్టుంటది. ఎట్ల రికార్డ్ చేసిండ్రో గని!" అన్నాడు.

నాకు నవ్వాగలేదు, అది మా క్యాసెట్టే అని చెప్పాను. బాపు చూస్తే వంట చేస్తున్నట్టు ఉండాలని నువ్వు వంటింట్లోంచి పాడావు, మైకేమో మా గదిలో ఉంది. రెండో పాటలో వినబడేది వాన చప్పుడని వాళ్ళు వాదించుకుంటారట. అది నువ్వు పప్పుకు పెట్టిన పోపు.

"గా పాడింది ఎవలన్నా?" అని అడిగాడు. నీ బొంగురు గొంతు మగవాడిదే అనుకున్నాడు. "నేనే" అన్నాను.

ఎవరో ఒకరు నన్ను పట్టించుకోవాలనిపించింది అక్కా, అంతే. ఆ రోజు నుంచి గదిలో అందరూ నా పక్కన కూర్చుని తిన్నారు. పాడమంటే దుమ్ముకు గొంతు పోయిందన్నాను. మూడు వారాలు అలా గడిపాను. అంతమంది మధ్య అంత ఒంటరిగా ఎప్పుడూ లేను.

ఇంతలో ఆరిఫ్ ద్వారా నా నంబరు తెలిసి హైదరాబాద్ నుంచి ఒక పాటల కంపెనీ ఆయన ఫోన్ చేశాడు. ఆ పాటలు మళ్ళీ వేస్తారట, పేర్లు పంపమన్నాడు. ఆ రోజుల్లో క్యాసెట్ అట్ట మీద నా పేరు, యూసుఫ్ పేరు మాత్రమే వేయించాను. బాపు నిన్ను తిడతాడని సాకు చెప్పాను. నిజానికి అంతా నా గొప్పే అనిపించుకోవాలన్న కక్కుర్తి. బాపు పోయాడు, యూసుఫ్ పోయాడు. నిజం తెలిసినవాళ్ళం మనిద్దరమే మిగిలాం.

నిన్న అందరి ముందూ చెప్పేశాను, పాడింది మా అక్క అని. ఆరిఫ్ తిడతాడనుకున్నాను. అతను మాత్రం, "అక్క ఇప్పుడు గూడ పాడ్తదా?" అన్నాడు.

నీ పెళ్ళయినప్పటి నుంచి ఆ మాట నేను ఒక్కసారీ అడగలేదు.

నువ్వు సరేనంటే నీ పేరే ముందు వేయమంటాను. కోపముంటే తిట్టు, పడతాను. బావకు, అత్తమ్మకు దండాలు చెప్పు. పిల్లలకు నా ముద్దులు. నన్ను దీవించు.

పేరు సంగతి తర్వాతైనా చెప్పొచ్చు. ముందు ఒక్క మాట రాయి. పాడుతున్నావా అక్కా?

నీ తమ్ముడు
శీను