ఈ దసరాకి రివాల్వర్

బావా,

నువ్వు హాస్పిటల్ నుంచి తిరిగి రాలేదు కాబట్టి, ఈ దసరాకి ఏ తుపాకీ కొనాలో నేనొక్కణ్ణే తేల్చుకోవాల్సి వచ్చింది. ఫ్రిస్కోలో మనం వెళ్ళే తుపాకుల షాపులోనే కౌంటర్ మీద రెండు పెట్టించాను. ఒకటి నాకు నచ్చిన నైన్ ఎమ్ఎమ్ పిస్టల్, రెండోది నువ్వు ఏళ్ళ తరబడి అడిగిన రివాల్వర్. ఆరు తూటాలకి ఇంత బరువెందుకని నేనే నిన్ను కొననివ్వలేదు.

పోయినేడు ఆయుధపూజలో అక్క పెట్టిన కుంకుమ నా పిస్టల్ స్లైడ్‌లోకి రాలింది. మర్నాడు షూటింగ్ రేంజ్‌లో అది జామ్ అయింది. "స్లైడే లేని రివాల్వర్ అయితే ఈ గోల ఉండేది కాదురా, నా మాట విన్నావా?" అన్నావు.

రివాల్వరే తెచ్చాను. పూజలో నీ పాత పిస్టల్ పక్కన పెట్టాను. ఏటా బొట్లు పెట్టే అక్క ఈసారి గుమ్మం దగ్గరే ఆగిపోయింది. కుంకుమ భరిణె తన చేతికిచ్చాను.

"ఇప్పుడు నేనెలా పెడతానురా?" అంది.

"నువ్వే పెట్టాలక్కా. ఇది బావ సెలెక్ట్ చేసింది."

అక్క వంగి, చెక్క పిడి మీద బొట్టు పెట్టింది. కుంకుమ లోపలికి రాలకుండా రెండో చెయ్యి అడ్డం పెట్టుకుని మరీ పెట్టింది.